తమ్ముడు పంపిన వైబ్రేషన్ మిషన్, అమ్మకు వేయించని ఇంజెక్షన్

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. బాపట్ల జిల్లాలో టీచరుగా పనిచేస్తున్నారు, వయసు నలభై ఒకటి. నాలుగు పేజీలు రాశారు. అందులో ముఖ్యమైన సంగతులు ముందు చెబుతాను.

తల్లికి అరవై ఆరేళ్లు. భర్త పోయాక రేపల్లె దగ్గర సొంతూళ్లో ఒంటరిగా ఉంటున్నారు. రెండేళ్ల కిందట కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. ఐదు నెలల కిందట తెల్లవారుజామున పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కాలు జారింది. పడుతూ చెయ్యి ఆనించడంతో కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. కట్టు విప్పాక డాక్టరు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే, ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే టి-స్కోరు నడుం ఎముకల్లో మైనస్ 2.9 వచ్చింది. బోలు ఎముకల వ్యాధి అన్నారు. ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే ఇంజెక్షన్ రాశారు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు నెల తిరక్కుండా ఒక వైబ్రేషన్ మిషన్ కొని పంపించాడు. ఎక్కి నిలబడితే కింద పలక అదురుతుంది. రోజూ పావుగంట నిలబడమన్నాడు. తల్లి నాలుగు రోజులు ఎక్కారు, కళ్లు తిరిగాయి. ఆ మాట కొడుక్కి చెప్పలేదు, పక్కింటావిడకి చెప్పుకున్నారు. ఇప్పుడు మిషన్ వసారాలో ఉంది, దాని మీద మడతపెట్టిన చీరలున్నాయి. కొడుకు ఫోన్ చేసి "ఎక్కుతున్నావా అమ్మా" అంటే "ఆఁ, ఎక్కుతున్నాను నాయనా" అంటున్నారట.

తర్వాత అసలు గొడవ మొదలైంది. నగరంలో ఒక సెంటర్ వాళ్లు తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను వేరు చేసి, తిరిగి నరంలోకి ఎక్కించి, ఆపైన పన్నెండు వారాలు తమ దగ్గరే వైబ్రేషన్ ఇస్తామన్నారు. "అదురుకు మూలకణాలు ఎముకగా మారతాయి, ఇది శాస్త్రం" అని కరపత్రం. ప్యాకేజీ 3 లక్షల 40 వేలు. తల్లి పేరున ఉన్న 30 సెంట్ల పొలం అమ్మేద్దామన్నాడు తమ్ముడు. ఈమె వద్దన్నారు. "వాటా పోతుందని నీ బాధ" అన్నాడు. మూడు వారాలుగా అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు.

చివరి పేజీలో ఇలా రాశారు: "ఇంకో సంగతి మీకు చెప్పాలి. డాక్టరు రాసిన ఇంజెక్షన్ ఆపింది నేనే. దవడ ఎముక కుళ్లిపోతుందని యూట్యూబ్‌లో చూసి భయపడ్డాను. అమ్మ రాత్రిపూట బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్తుంది. సున్నం మీద ఆమె చెయ్యి రాసుకున్న చోట ఒక చార పడింది. అది చూసినప్పుడల్లా గుండె జారిపోతోంది. ఈ వైబ్రేషన్‌లో నిజం ఎంత? మిషన్ వాడించాలా? తమ్ముడికి ఎలా చెప్పాలి?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ తమ్ముడి మీద కోపం వచ్చింది. రెండోసారి ఆ కోపం నిలవలేదు. అమ్మ చెయ్యి విరిగిన రోజున పక్కన లేని కొడుకు, రాత్రిళ్లు కూర్చుని ఫోన్లో ఎముకల గురించి వెతికాడు. అతనికి దొరికింది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. పూర్తి అబద్ధమైతే తేల్చేయడం సులువు. ఇక్కడ నిజాన్ని ముందు నిలబెట్టి, వెనక నుంచి వేరే సరుకు అమ్ముతున్నారు. మీరు "ఇదంతా మోసం" అని మొదలుపెడితే అతను నిజమైన పరిశోధన ఒకటి తీసి చూపిస్తాడు, మీ మాట అక్కడే ఆగిపోతుంది. అందుకని ఆ నిజమేమిటో ముందు చూద్దాం. కాస్త ఓపిగ్గా చదవండి, రేపు అతనితో మాట్లాడేటప్పుడు ఇది మీకు కావాలి.

ఎముకను మనం రాయిలా ఊహించుకుంటాం గానీ అది రోజూ కొంత కరుగుతూ, కొంత కట్టుకుంటూ ఉంటుంది. బరువు పడేచోట గట్టిపడుతుంది, పడనిచోట సన్నబడుతుంది. జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే దీని మీద పుస్తకం రాశాడు. అంతరిక్షంలో నెలల తరబడి ఉండే వ్యోమగాములకు తుంటి, నడుం ఎముకల్లో నెలకు ఒక శాతం నుంచి ఒకటిన్నర శాతం దాకా సాంద్రత తగ్గిపోతుంది. తిండికి లోటు లేదు, వైద్యానికి లోటు లేదు. ఒంటి బరువు మోసే పని ఎముకకు లేకుండా పోవడమే ముఖ్య కారణం.

బరువు పడిన సంగతి ఎముకకు ఎలా తెలుస్తుంది? ఎముక లోపల చిన్న చిన్న గూళ్లలో ఆస్టియోసైట్లు అనే కణాలుంటాయి. ఎముక కణాల్లో నూటికి తొంభైకి పైగా ఇవే. వీటికి దారప్పోగుల్లాంటి సన్నని చేతులుంటాయి, వాటి చుట్టూ ద్రవం ఉంటుంది. మనం అడుగు వేసినప్పుడు ఎముక కంటికి కనిపించనంత వంగుతుంది, ఆ ద్రవం కదులుతుంది, కణానికి కబురు అందుతుంది. అప్పుడవి స్క్లెరోస్టిన్ అనే పదార్థాన్ని తగ్గిస్తాయి. ఎముక కట్టే కణాలకు స్క్లెరోస్టిన్ బ్రేకు లాంటిది. బ్రేకు వదలగానే కట్టుబడి మొదలవుతుంది.

ఇక మూలకణాలు. మూలుగలో ఉండే ఒక రకం మూలకణం ఎముక కణం కాగలదు, కొవ్వు కణం కాగలదు, కీళ్లలో ఉండే మృదులాస్థి కణం కూడా కాగలదు. మీరు టీచరు కాబట్టి ఇలా చెబుతాను. పదో తరగతి పాసై, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో ఇంకా తేల్చుకోని పిల్ల లాంటిది ఆ కణం. చుట్టుపక్కల వాతావరణం ఎటు నెడితే అటు పోతుంది. కాలు ఆనించుకునే చోటు గట్టిగా ఉండి, లాగుడూ కదలికా ఉంటే ఎముక గ్రూపు. మెత్తగా, కదలిక లేకుండా ఉంటే కొవ్వు గ్రూపు. వయసు మీదపడ్డాక ఎక్కువ కణాలు కొవ్వు వైపే చేరతాయి, ఎముక కట్టేవాళ్లు తక్కువైపోతారు. కణం ఈ లాగుడును పసిగట్టే ద్వారాలు కూడా దొరికాయి. పొర సాగితే తెరుచుకునే ఆ ద్వారాలకు పీజో అని పేరు. వాటిని కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో వైద్య నోబెల్‌లో వాటా దక్కింది.

మీ తమ్ముడు చదివింది బహుశా గ్లాస్గో పరిశోధన అయివుంటుంది. మాథ్యూ డాల్బీ అనే కణ శాస్త్రవేత్త, గురుత్వ తరంగాలను పట్టే పరికరాల మీద పనిచేసిన స్టువర్ట్ రీడ్ చేతులు కలిపారు. మూలకణాలను కొల్లాజెన్ అనే ప్రోటీన్ జిగురులో పెట్టి సెకనుకు 1000 సార్లు కదిలించారు. ఒక్కో ఊపు సుమారు 30 నానోమీటర్లు. అంటే వెంట్రుక మందంలో దాదాపు రెండు వేల వంతుల్లో ఒకటి. ఎముకగా మార్చే రసాయనం ఏదీ కలపకుండానే ఆ కణాలు ఎముక దారి పట్టాయి. 2017లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మందుపాతరలు పేలి కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ప్రయోగశాలలో ఎముక పెంచి ఇవ్వాలన్నది వాళ్ల ఆశ. ఫుట్‌బాల్ ఆటగాడు బాబీ చార్ల్టన్ స్థాపించిన ధార్మిక సంస్థ అందుకు డబ్బిచ్చింది. ముప్పై ఏళ్లుగా విరిగిన ఎముకలు చూస్తున్న నాకు అది చదివిన రోజు నిజంగా సంతోషమేసింది. ఇప్పటికీ ఆ పని మీద నాకు గౌరవం ఉంది.

కానీ అక్కడ కదిలింది గిన్నెలోని కణం. ఆ కణాలకు, కింద అదిరే పలకకు మధ్య పాదమూ మోకాలూ తొడా ఏమీ లేవు. మీ వసారాలోని మిషన్ ఊపు మిల్లీమీటర్లలో ఉంటుంది, గ్లాస్గో ఊపు కన్నా వేల రెట్లు పెద్దది. వేగం చూస్తే దాని ముందు ఎంతో నిదానం. రెండింటినీ వైబ్రేషన్ అనే అంటారు. బండి హారన్‌నూ, మీరు బడిలో కొట్టించే గంటనూ కూడా శబ్దమనే అంటాం కదా.

పలక మీద నిలబెట్టే పద్ధతికి వేరే చరిత్ర ఉంది, అదీ గౌరవించదగినదే. అమెరికాలో క్లింటన్ రూబిన్ బృందం గొర్రెలను రోజుకు 20 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఏడాది పాటు, వెనక కాళ్లతో ఒక పలక మీద నిలబెట్టింది. అది సెకనుకు 30 సార్లు చాలా మెల్లగా అదురుతుంది. ఆ అదురు బలం భూమి ఆకర్షణలో మూడో వంతు కూడా ఉండదు. తొడ ఎముక పైభాగంలో స్పాంజిలా ఉండే ఎముక సాంద్రత 34 శాతం పెరిగింది. 2001లో వచ్చిన ఫలితం ఇది. 2004లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుదరని స్థితి) వంటి ఇబ్బందులున్న 20 మంది పిల్లల మీద ఆరు నెలలు చూస్తే, మిషన్ ఎక్కినవాళ్ల కాలి ఎముక మెరుగుపడింది, ఎక్కనివాళ్లది తగ్గింది. ఎముకల లోకమంతా ఆశపడింది. ఆశపడటం సబబే.

తర్వాత మీ అమ్మగారి వయసు వాళ్ల మీద పరీక్షించారు. టొరంటోలో నెలసరి ఆగిపోయి ఎముకలు పలచబడిన 202 మంది స్త్రీలను ఏడాది పాటు గమనించారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో, రోజూ 20 నిమిషాలు పలక ఎక్కమన్నవాళ్లకూ మిగతావాళ్లకూ ఎముక సాంద్రతలో తేడా కనపడలేదు. హాంకాంగ్‌లో అరవై దాటిన 710 మందిని ఏడాదిన్నర చూశారు. అక్కడా ఎముక సాంద్రతలో తేడా లేదు. అయితే కాళ్ల బలం పెరిగింది, ఒంటి నిలకడ మెరుగైంది, పడిపోవడాలు తగ్గాయి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

గొర్రెకు పనిచేసింది అమ్మకు ఎందుకు పనిచేయలేదని మీ తమ్ముడు అడుగుతాడు. మంచి ప్రశ్న. పాదం దగ్గర మొదలైన అదురు చీలమండ, మోకాలు, తుంటి దాటి నడుం చేరేసరికి చాలా మట్టుకు ఇంకిపోతుంది. మోకాళ్లు కాస్త వంచి నిలబడ్డారంటే వెన్నెముకకు అందేది ఇంకా తగ్గుతుంది. భయపడ్డ మనిషి మోకాళ్లు వంచే నిలబడుతుంది, మీ అమ్మగారూ అలాగే నిలబడి ఉంటారు. పైగా నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోయి ఎముకను కరిగించే కణాలు చెలరేగుతాయి, మూలుగలో ఎముక వైపు వెళ్లే మూలకణాలేమో తగ్గిపోయి ఉంటాయి. కబురు వెళ్లినా అందుకునేవాళ్లు కొద్దిమంది, కూలగొట్టేవాళ్లు ఎక్కువమంది.

కాబట్టి వసారాలోని మిషన్ సంగతి. బజారులో దొరికే చాలా మిషన్లు పరిశోధనల్లో వాడిన, మెల్లగా అదిరే పలకల్లాంటివి కావు. వాటి అదురు భూమి ఆకర్షణకు కొన్ని రెట్లు ఉంటుంది. మీ అమ్మగారికి కళ్లు తిరిగాయి. కంట్లో లెన్సు ఉంది, ఇలాంటి మిషన్ల వల్ల ఆపరేషన్‌లో పెట్టిన లెన్సు జారిన కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మణికట్టు ఈమధ్యే అతికింది, మిషన్ మీద తూలితే పట్టుకోవడానికి ఆ చెయ్యే కావాలి. అదురు ఏ మోతాదులోనైనా మేలే అనుకోకూడదు, ఏళ్ల తరబడి ట్రాక్టరు తోలినవాళ్లను అడిగితే నడుం సంగతి చెబుతారు. ఇప్పుడున్న పరిస్థితిలో ఆమె దాన్ని ఎక్కకపోవడమే నాకు సరైనదనిపిస్తుంది. తిరిగి ఇచ్చే వీలుంటే ఇచ్చేయండి. లేదూ, తమ్ముడు మరీ నొచ్చుకుంటాడు అనుకుంటే ఉంచండి. కళ్లు తిరగడానికి కారణం తేలాక, కంటి డాక్టరు సరేనన్నాక, ఫిజియోథెరపిస్టు మిషన్ బలం చూసి ఒప్పుకుంటే, పక్కన ఊచ పట్టుకుని, కాళ్ల బలం కోసం కొద్ది నిమిషాలు వాడొచ్చు. ఎముక గట్టిపడుతుందన్న ఆశ మాత్రం దాని మీద పెట్టుకోవద్దు. అలా పెట్టుకుంటే అసలు మందు వెనకబడుతుంది. మీ ఇంట్లో అదే జరిగింది.

తమ్ముడు ఇంకొకటి కూడా తేవచ్చు: అమెరికాలో 2024 జనవరిలో నడుముకు కట్టుకునే ఒక వైబ్రేషన్ బెల్టుకు ప్రభుత్వ అనుమతి వచ్చింది. నిజమే. డాక్టరు చీటీ మీద, ఎముకలు పలచబడటం మొదలైన దశలో ఉన్న స్త్రీలకు, అంటే టి-స్కోరు మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉన్నవాళ్లకు ఇచ్చిన అనుమతి అది. మీ అమ్మగారు ఆ గీత దాటేశారు, ఒకసారి ఎముక కూడా విరిగింది. ఎవరో స్నేహితుడు అక్కడి నుంచి తెస్తానన్నా అది ఆమె కోసం చేసిన వస్తువు కాదు.

సెంటర్ సంగతి వేరు. నరంలోకి ఎక్కించిన ఈ రకం మూలకణాల్లో ఎక్కువ భాగం ముందు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల దగ్గరే చిక్కుకుపోతాయి. అక్కడి నుంచి నడుం చేరి, పెద్దవాళ్ల బోలు ఎముకను గట్టిచేస్తాయని నిరూపణ అయిన చికిత్స ఇవాళ్టికి లేదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటి ఆమోదం పొందినవి తప్ప మిగతా మూలకణ చికిత్సలన్నీ అనుమతి తీసుకుని మనుషుల మీద చేసే పరీక్షలో, అంటే క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. 3 లక్షల 40 వేలు అడిగారంటేనే చాలావరకు జవాబు దొరికినట్టే.

అయినా మీరు తీర్పు చెప్పొద్దు, తమ్ముడినే కనుక్కోమనండి. ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో మీ నమోదు నంబరు ఎంత, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది, ఇంతకు ముందు చేసినవాళ్ల డెక్సా ఫలితాలు ఎక్కడ అచ్చయ్యాయి అని సెంటర్ వాళ్లను కాగితం మీద అడగమనండి. సాఫ్ట్‌వేర్ మనిషి, రిజిస్ట్రీలో వెతకడం అతనికి పది నిమిషాల పని. తన చేత్తో వెతికి దొరకలేదని తెలుసుకున్న మనిషి, అక్క చెప్పిందని మానేసిన మనిషి కన్నా ప్రశాంతంగా ఉంటాడు. అన్నీ విన్నా సరే చేయిద్దామంటే ఏమవుతుందో కూడా అతను తెలుసుకోవాలి. తుంటి ఎముకలోకి సూది, దాని నొప్పి, ఇన్ఫెక్షన్ భయం. మూడు నెలలు ఊరు వదిలి ఉండటం. పొలం పోతుంది, అది తిరిగి రాదు. ఆ మూడు నెలలూ అసలు మందు లేకుండా గడుస్తాయి.

ఇప్పుడు మీ చివరి పేజీ. ఇక్కడ సూటిగా చెప్పాలి, ఏమీ అనుకోకండి. మీరిద్దరూ వైబ్రేషన్ గురించి వాదించుకుంటున్న ఈ నెలల్లో అమ్మ ఒంట్లోకి ఏ మందూ వెళ్లలేదు. ఒకసారి ఎముక విరిగినవాళ్లకు మళ్లీ విరిగే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుంది, అదీ మొదటి ఒకటి రెండేళ్లలోనే ఎక్కువ. తమ్ముడు పొలం అమ్మబోవడం మీకు ప్రమాదంగా కనిపించింది. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించింది ఈ ఖాళీ.

మీ భయానికి ఆధారం లేకపోలేదు. దవడ ఎముక దెబ్బతినడం అనేది ఉంది. ఎక్కువగా కాన్సర్ రోగులకు ఈ ఇంజెక్షన్ రకం మందులే పెద్ద మోతాదులో, నెలనెలా ఇచ్చినప్పుడు వస్తుంది. బోలు ఎముకలకు ఏడాదికోసారి ఇచ్చే మోతాదులో చాలా అరుదు. పన్ను పీకాల్సి ఉంటే ముందే పీకించుకుని, చిగుళ్లు చూపించుకుంటే ఆ అరుదైనది కూడా ఇంకా తగ్గుతుంది. మరోవైపు ఏముందో చూడండి. డాక్టరు రాసింది జోలెడ్రోనిక్ యాసిడ్ అయివుంటుంది. 2007లో వచ్చిన పెద్ద పరిశోధనలో ఏడు వేల ఏడు వందల మందికి పైగా స్త్రీలను మూడేళ్లు చూస్తే, వెన్నుపూసలు విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గింది. తుంటి విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసినవాళ్లకు ఆ 41 ఎంత విలువైనదో తెలుసు.

ఇంజెక్షన్‌కు ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చేయిస్తారు. డి తక్కువుంటే ముందు దాన్ని సరిచేస్తారు. మొదటిసారి వేయించుకున్నాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. ముందే అమ్మకు చెప్పండి, లేకపోతే "ఇది నాకు పడలేదు" అని రెండో ఏడు మానేస్తారు. ఆ మూడు రోజులూ మీరు సెలవు పెట్టి పక్కన ఉండగలిగితే మంచిది.

ఇంజెక్షనంటే మీకింకా మనసొప్పకపోతే వేరే దారులున్నాయి. వారానికోసారి వేసుకునే మాత్ర ఉంది. పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. గుండెలో మంట, మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు పడదు, వారం వారం గుర్తుపెట్టుకోవాలి. ఆరు నెలలకోసారి చర్మం కింద వేసేది మరొకటి ఉంది. బాగా పనిచేస్తుంది కానీ సమయానికి వేయించకుండా వదిలేస్తే వచ్చిన బలం త్వరగా పోయి వెన్నుపూసలు వరసగా విరగొచ్చు. ఊళ్లో ఒంటరిగా ఉండే మనిషికి, తేదీ చూసి తీసుకెళ్లేవాళ్లు ఖాయంగా ఉంటేనే అది మొదలుపెట్టాలి. రోజూ పొడుచుకునే ఇంజెక్షన్ కూడా ఉంది, అది కొత్త ఎముక కట్టిస్తుంది, ఖరీదైనది. ఏది సరిపోతుందో రిపోర్టులన్నీ చూసే డాక్టరు చెప్పాలి. ఏదీ వద్దనుకుని ఊరుకోవడం కూడా ఒక ఎంపికే, కానీ దాని ఫలితం మీకు గోడ మీద చారలో కనిపిస్తూనే ఉంది.

హాంకాంగ్ మాట దగ్గరికి వద్దాం. అక్కడ మిషన్ ఇచ్చిన మేలు కాళ్ల బలం, నిలకడ. వాటికి మిషన్ అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో సగటున అరవై ఐదేళ్ల వయసున్న, ఎముకలు పలచబడిన 101 మంది స్త్రీలతో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు బరువులెత్తించారు, గెంతించారు. నడుం ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, ఇంటి దగ్గర తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. అది నేర్పేవాళ్లు పక్కనుండి చేయించిన పని, మీ అమ్మగారు రేపే బరువులెత్తకూడదు. ఫిజియోథెరపిస్టు దగ్గర మొదలుపెట్టించండి: చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి దించడం. మూలుగలోని ఆ కణాలు ఎదురుచూసే కదలిక ఇదే, ఆమె సొంత కండరాలు, ఆమె సొంత బరువు. ముందుకు వంగి ఊడ్చే పొట్టి చీపురు తీసేసి పొడవు కర్ర ఉన్నది కొనండి. నిండు బిందె ఎత్తనివ్వద్దు. బోలు వెన్నుపూస వంగి బరువెత్తినప్పుడు కూడా విరుగుతుంది, పడక్కర్లేదు. రాగి సంకటి, పెరుగు, నువ్వులు తింటూనే ఉంటారనుకుంటాను, వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది.

తమ్ముడితో మాట్లాడే ముందు అమ్మతో ఒక్కరే కూర్చోండి. ఎముకలు ఆమెవి, పొలమూ ఆమెదే. మీ ఉత్తరం నాలుగు పేజీల్లో ఆమెకేం కావాలో ఒక్క వాక్యం కూడా కనిపించలేదు. కొడుకు బాధపడతాడని అబద్ధమాడుతున్న మనిషి, మీరు బాధపడతారని మీ దగ్గర ఏం దాస్తోందో అడగండి.

తర్వాత తమ్ముడు. పొలం వాటా అన్న మాటకు జవాబు చెప్పొద్దు, ఇప్పుడు కాదు. రెండు విధాలుగా మొదలుపెట్టొచ్చు. ఇంజెక్షన్ సంగతి దాచి, సెంటర్ గురించి మాత్రమే మాట్లాడొచ్చు. అప్పుడు ఆసుపత్రికి వెళ్లే రోజున అతనికి తెలుస్తుంది, మీరు చెప్పిన మిగతా నిజాలకు కూడా విలువ పోతుంది. లేదా ముందు మీ తప్పే చెప్పొచ్చు: "రా తమ్ముడూ, నువ్వు చదివింది నిజమే, నేనూ చదివాను. నేను భయపడి ఇంజెక్షన్ ఆపేశాను. మనిద్దరి మధ్య అమ్మకు నెలలు పోయాయి." అతను మొదట కోప్పడతాడు. "నన్నంటావు, నువ్వేం చేశావు" అంటాడు. అననివ్వండి. ఆ మాట అయిపోయాక మిగిలేది అమ్మ గురించే. మిషన్ ఎక్కితే కళ్లు తిరిగాయని అమ్మ నోటితోనే అతనికి చెప్పించండి. అక్క చేసిన ఫిర్యాదులా కాకుండా అమ్మ బాధలా వినపడుతుంది.

ఫోన్‌లో తేలకపోతే ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గర కూర్చోండి, అతని ప్రశ్నలన్నీ అక్కడ అడగనివ్వండి. అప్పటిదాకా పొలం కాగితాలు కదలకూడదన్న ఒక్కదాని మీద గట్టిగా నిలబడండి. రేపోమాపో స్కాన్‌లో మెరుగు కనపడాలని కూడా తొందరపడనివ్వకండి, మందు మొదలుపెట్టాక ఏడాదికో రెండేళ్లకో మళ్లీ డెక్సా తీస్తేనే తేడా తెలుస్తుంది.

అతనికి ఏదో ఒకటి చేయాలని ఉంది, ఖాళీ చేతులతో పంపకండి. బట్టలుతకడానికి మనిషిని పెట్టి ఆ జీతం అతన్నే పంపమనండి, తెల్లవారుజామున ఆ బండ దగ్గరికి అమ్మ వెళ్లకూడదు. మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బులు, లోపల జారని గచ్చు, కూర్చుని లేవడానికి వీలుండే కమోడ్. ఈసారి వచ్చినప్పుడు డ్రిల్లింగ్ మిషన్ తెచ్చుకోమనండి. గోడకు ఊచ ఎంత ఎత్తులో బిగించాలో కొలతలు వెతకనక్కర్లేదు. సున్నం మీద అమ్మ చెయ్యి పడిన ఆ చార ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉందో, దాని మీదుగానే బిగించమనండి.